ఆదివారం సాయంత్రం అయిదూ పన్నెండు

యంత్రం పనిచేయకపోతే మనిషికి కోపం రావడం సహజం. కానీ కళ్ళెదుట చక్కగా పనిచేస్తూ, ఉన్నట్టుండి ఆగిపోయి, "ఇంతసేపూ నేను పనే చేయలేదు" అని బుకాయించే యంత్రం మీద ఎలాంటి కోపం తెచ్చుకోవాలో కోమలికి ఏ చదువులోనూ చెప్పలేదు. ఎమ్మెస్సీ ఫిజిక్సులో అసలే చెప్పలేదు.

ఆ యంత్రం సంగతి ముందు చెప్పుకోవాలి. తిరుపతిలో కొండకు ఎదురుగా ఉన్న ఒక కాలేజీలో, ఫిజిక్సు డిపార్టుమెంటు వెనక గదిలో, నాలుగు ప్లాస్టిక్ పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కోటి తలుపు రెక్కంత ఉంటుంది. వెలుతురు సోకకుండా వాటికి నల్ల కాగితం చుట్టి, నల్ల టేపు వేసి, చుట్టూ నల్ల తెర కట్టారు. పైనుంచి క్షణం తీరిక లేకుండా రాలే సూక్ష్మ కణాలు, మ్యువాన్లని వాటి పేరు, ఆ పలకల్లోంచి దూసుకుపోతాయి. పోయేటప్పుడు పలకలో మిణుక్కుమని ఒక వెలుగు. దాన్ని పట్టడానికి ప్రతి పలక చివరా ఒక గాజు గొట్టం, ఆ గొట్టానికి పద్దెనిమిది వందల వోల్టులు. ఇదంతా నడిపించేది తెర బయట బల్లమీదున్న కంప్యూటర్లోని కంట్రోల్ సాఫ్ట్‌వేర్. వోల్టేజి ఎక్కించేదీ దించేదీ అదే, లెక్క మొదలుపెట్టేదీ ఆపేదీ అదే. లెక్క మొదలైన క్షణం నుంచి ఆగే క్షణం దాకా సాగేదాన్ని వాళ్ళు రన్ను అంటారు.

డిటెక్టరును పంపింది బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థ. ఊరికే పంపలేదు. డెబ్బై రెండు గంటలు ఎక్కడా తెగకుండా ఒకే రన్ను నడిపి చూపించమన్నారు. వచ్చే బుధవారం సాయంత్రం అయిదున్నరకు వాళ్ళ కమిటీ కూర్చుంటుంది. అప్పటికి చూపిస్తే డిటెక్టరు రెండేళ్ళు ఇక్కడే ఉంటుంది, దాన్ని చూసుకునే కోమలి ఉద్యోగమూ ఉంటుంది. చూపించలేకపోతే లారీ వస్తుంది. డిటెక్టరు బెంగళూరుకు, కోమలి శ్రీ సిటీలో ఏదో ఒక ఫ్యాక్టరీ షిఫ్టుకు. ఆమె అన్న దయానంద్ అప్పుడే అక్కడి సూపర్‌వైజరుతో మాట్లాడిపెట్టాడు కూడా. పుత్తూరులో ఇంటికి పోయినప్పుడల్లా "కంపెనీ బస్సు మన వీది సివరికే వస్తాది మా" అంటాడు. మంచికే అంటాడు. అందుకే ఆమెకు ఇంకా మంట.

డిపార్టుమెంటు హెడ్డు పరంధామయ్య. ముప్పై ఒక్క ఏళ్ళుగా క్వాంటమ్ మెకానిక్సు చెబుతున్నారు. బోర్డు మీద ఆయన చేయి తిరుగుతుంటే చూడ్డానికి పక్క క్లాసు పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు. అదే చేయి జేబులోని చిన్న పంచాంగం తీసి చూడకుండా గడప దాటదు. ఆరేళ్ళ కిందట ఆయన తెప్పించిన ఒక పెద్ద యంత్రాన్ని, వచ్చిన అతిథి తొందరపడి రాహుకాలంలో మొదలుపెట్టించాడు. వారం తిరక్కుండా పిడుగుపడి మాడిపోయింది. అప్పటినుంచి ఆయనకు రాహుకాలం కూడా గురుత్వాకర్షణలాగా ఒక ప్రకృతి నియమమే. ఈ డిటెక్టరు కోసం నాలుగేళ్ళు ఉత్తరాలు రాశారు. మళ్ళీ పిడుగు పడనివ్వదలుచుకోలేదు.

మూడో మనిషి మునిరత్నం, ల్యాబ్ టెక్నీషియన్. తిరుచానూరు నుంచి రోజూ సైకిలు మీద వస్తాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. పని ఇద్దరూ పంచుకునేవాళ్ళు. రన్ను మొదలుపెట్టే ముందు వోల్టేజిని నలభై నిమిషాలపాటు మెల్లమెల్లగా ఎక్కించాలి. ఆ సేపంతా కోమలి తెరలోపల మీటరు పట్టుకుని గొట్టాలను కనిపెట్టుకుని ఉంటుంది. మునిరత్నం బయట కంప్యూటరు ముందు కూర్చుంటాడు. ఆమె "పెట్టన్నా" అని కేకేస్తే బటను నొక్కుతాడు. మొదలైన టైమును కంప్యూటరే రాసుకుంటుంది. ఆ కాగితాన్ని ప్రింటు తీసి హెడ్డుగారి బల్లమీద పెట్టడం మునిరత్నం పని. కోమలి మాత్రం తన చేతి గడియారం చూసి తన నోటుబుక్కులో విడిగా రాసుకుంటుంది.

మొదటి రన్ను గురువారం. పొద్దున తొమ్మిదికి వరండాలో టెంకాయ కొట్టారు. కర్పూరం తెర దగ్గరికి తేవద్దని కోమలి గట్టిగా చెప్పడంతో అదీ వరండాలోనే వెలిగించారు.

"ఒకటిన్నరలోగా మొదలుపెట్టెయ్యండి" అన్నారు పరంధామయ్య. "ఆ తర్వాత మూడుదాకా రాహుకాలం. నాకు క్లాసుండాది, కాగితం బల్లమీద పెట్టిపో రత్నం."

పుత్తూరు పోయే బస్సు అనుకున్న టైముకు వస్తే యంత్రమూ అనుకున్న టైముకు లేస్తుంది. మూడో పలక దగ్గర ఒక కనెక్టరు వదులై, అదేదో తెలుసుకునేసరికి కోమలి తల ప్రాణం తోకకొచ్చింది. రెండు దాటింది. ఫ్యాను గాలి కూడా దూరని ఆ తెరలో చెమటలు కారుతుండగా బయటినుంచి మునిరత్నం గొణుగుడు వినిపించింది.

"రెండైపాయ కోమలమ్మా. సారు కాగితం సూస్తే ఊరుకుంటాడా? మిమ్మల్నే గదా అంటాడు."

"సార్‌కు మంచి టైమే కావాలంటే గడియారం ఎనక్కి తిప్పుకోమని చెప్పన్నా!" అని అరిచింది కోమలి. "పెట్టు!"

నోటుబుక్కులో 2:10 అని రాసుకుంది. కంప్యూటరు తెరమీద అంకెలు కదిలాయి. సెకనుకు రెండువందల పైచిలుకు మ్యువాన్లు. సాయంత్రం ఆరుకు టీ తాగి వచ్చేసరికి రన్ను ఆగిపోయి ఉంది. యాభై నిమిషాలుగా డేటా రాలేదనీ, జాగ్రత్త కోసం వోల్టేజి దించేశాననీ సాఫ్ట్‌వేర్ తన చిట్టాలో, అంటే లాగ్‌లో, రాసిపెట్టింది.

సాఫ్ట్‌వేర్ రాసిన బాలచంద్రకు ఫోను చేసింది. బెంగళూరులో ఉంటాడు, సొంతూరు పలమనేరు.

"పది నిమిషాలు డేటా రాకపోతే డిటెక్టరుకేదో అయిందని అదే ఆపేస్తాదండీ, ఆ రూలు నేనే పెట్టినా" అన్నాడతను. "మీరు పంపిన లాగ్ సూసినా. యాభై నిమిషాల కాళీ ఉండాది. యాడో వైరు లూజు."

సరే, కనెక్టరు ఒకసారి వదులయింది కదా, మళ్ళీ అయిందేమో అనుకుంది. అన్ని వైర్లూ బిగించింది. శుక్రవారం పదిన్నరలోగా మొదలుపెట్టమని హెడ్డుగారి ఆజ్ఞ. పదీ యాభై అయింది. ఈసారి ఆమె బల్ల దగ్గరనుంచి కదల్లేదు. పెరుగన్నం డబ్బా కంప్యూటరు ముందే తెరుచుకుంది. రెండూ ముప్పై అయిదుకు, ముద్ద నోట్లో ఉండగా, 214 అని అంకె కనిపించిన మరుక్షణమే రన్ను ఆగింది. ఇరవై అయిదు నిమిషాలుగా డేటా రాలేదట.

కోమలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఇరవై అయిదు నిమిషాలూ ఆమె రెండు కళ్ళూ ఆ అంకెల మీదే ఉన్నాయి. పరుగున పోయి హెడ్డుగారికి చెప్పింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పెరుగన్నం తినింటావు. కన్ను మూతపడిందేమోనమ్మా."

"లేదు సార్. చూస్తానే ఉండాను."

"లాగ్‌లో ఇరవై అయిదు నిమిషాల కాళీ ఉండాదంటివే. లాగ్ అబద్ధం చెప్తాదా, మనిషి అబద్ధం చెప్తాదా?"

లాగ్‌నే నమ్మమని పిల్లలకు ప్రాక్టికల్స్‌లో నేర్పేది ఆమే. వెనక్కి వచ్చేసింది. వస్తూ వస్తూ మెట్ల దగ్గర ఒక చెప్పు తెగింది కూడా, దాన్ని అక్కడే విసిరికొట్టింది, మళ్ళీ పోయి తెచ్చుకుంది.

అదే రోజు సాయంత్రం అయిదుకు మూడో రన్ను పెట్టింది. అది చక్కగా నడిచింది. శనివారం పొద్దున ఆమె బస్సు దిగి వచ్చేదాకా పదిహేను గంటలు, ఒక్క నిమిషం తెగలేదు. ఆ అంకెలు చూసి కోమలి చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు ఆరకముందే, ఎనిమిదికి కరెంటు పోయింది. యూపీఎస్ పిల్లి కూనలాగా నాలుగుసార్లు అరిచి ప్రాణం విడిచింది. మునిరత్నం కంప్యూటర్ ల్యాబు వాళ్ళను బతిమాలి కొత్త బ్యాటరీలు తెచ్చి బిగించాడు. తొమ్మిదీ యాభైకి నాలుగో రన్ను. మధ్యాహ్నం ఒంటిగంటకు అదీ ఆగింది. యాభై అయిదు నిమిషాలుగా డేటా రాలేదట.

"అన్నీ విప్పేసి మొదట్నుంచి కట్టండి మేడం" అన్నాడు బాలచంద్ర. "నా కోడులో తప్పు లేదు, నాలుగు ఊర్లలో నడస్తా ఉండాది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడుతున్నానని తనకే అనిపించి కోమలి వాదించలేదు. శనివారం చీకటిపడేదాకా విప్పింది. ఆదివారం పొద్దున వచ్చి మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. నాలుగు పలకలకూ పాత టేపు పీకి కొత్తది వేస్తుంటే గోళ్ళ సందుల్లో జిగురు నిండిపోయింది. పదిన్నరకు అమ్మ సంతోషమ్మ ఫోను చేసింది.

"పాస్టరమ్మ అడిగింది, కోమలి ఆరాధనకు రాలేదేమని. ఆదివారం పూట పనికి పోతే ఆ మిషిను యాడ నడుస్తాది మా?"

"నడవకుంటే నడవకపోనీ!" అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక ఏడుపొచ్చింది. ఒకరికి రాహుకాలం, ఒకరికి ఆదివారం. ఈ డిటెక్టరును ఏ రోజు ఏ గంటకు నడపాలో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎందుకు ఆగుతున్నదో మాత్రం ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం చేతులు కడుక్కుని గోడ మీదున్న క్యాలెండరు ముందు నిలబడింది. గంటలు లెక్కపెట్టుకోవడానికే నిలబడింది. బుధవారం అయిదున్నరకు డెబ్బై రెండు గంటలు నిండాలంటే ఈరోజు అయిదున్నరలోపే మొదలవ్వాలి. ఇదే చివరి అవకాశం. అలా చూస్తుంటే తేదీల కింద చిన్న అక్షరాల్లో అచ్చువేసిన రాహుకాలాలు కంటబడ్డాయి. చూడకూడదనుకుంటూనే నోటుబుక్కు తెరిచింది.

గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు. రన్ను 2:10కి పెట్టారు, ఆగిపోయింది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. 10:50కి పెట్టింది ఆగిపోయింది. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. 9:50కి పెట్టింది ఆగిపోయింది. శుక్రవారం సాయంత్రం అయిదుకు పెట్టిందొక్కటే మంచి టైములో మొదలైంది. ఆ ఒక్కటే కరెంటు పోయేదాకా నిక్షేపంగా నడిచింది.

నాలుగుకు నాలుగూ కుదిరాయి. ఇదే లెక్క ఏ స్టూడెంటైనా తెచ్చి చూపిస్తే, ఇంకా పరిశీలించాల్సిందేనని తనే అనేది. మోకాళ్ళ మీద ప్రార్థన చేసే ఇంట్లో పుట్టి, ఫిజిక్సు చదివి, చివరికి రాహువు చేతిలో ఓడిపోయానా అనుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నాలుగుకు పరంధామయ్య వచ్చారు. చేతిలో నాలుగు ప్రింటు కాగితాలున్నాయి. మునిరత్నం వెనకే వచ్చి గోడవారగా నిలబడ్డాడు.

"బెంగళూరుకు మెయిలు రాస్తా ఉండానమ్మా, ఇంకో నెల గడువిమ్మని" అన్నారు. "వాళ్ళు కారణం అడుగుతారు. నేను చెప్పినట్టే అన్నీ మంచి టైములోనే మొదలైనాయి. అయినా ఆగిపోయినాయి. అంటే తప్పు టైముది కాదు. చూసుకునే మనిషిది. నేను అట్లే రాయాల్సి వస్తాది."

వాళ్ళు నెల కాదు గదా, గంట కూడా ఇవ్వరని కోమలికి తెలుసు. గడువు రాదు, నింద మాత్రం మిగులుతుంది. నాలుగు రోజులుగా దిగమింగుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది.

"మంచి టైమా? యాడ సార్ మంచి టైము?" నోటుబుక్కును బల్లమీద దబ్బున కొట్టింది. "మూడూ నట్టనడి రాహుకాలంలోనే మొదలైనాయి! చూడండి! రెండూ పది, పదీ యాభై, తొమ్మిదీ యాభై! నా తప్పని రాసే బదులు రాహుకాలమనే రాయండి సార్, అదన్నా మేలు!"

పరంధామయ్య నోటుబుక్కు చూశారు. తన కాగితాలు చూశారు. మళ్ళీ నోటుబుక్కు చూశారు.

"గురువారం ఒకటీ ఇరవై అని ఉండాదే దీంట్లో."

"రెండూ పది సార్."

"శుక్రవారం పదీ ఇరవై అయిదు. శనివారం ఎనిమిదీ యాభై అయిదు. కంప్యూటరు రాసిందమ్మా ఇది."

కోమలి కాగితాలు లాక్కున్నంత పని చేసింది. సాయంత్రం అయిదు రన్ను రెండింట్లోనూ అయిదే. మిగిలిన మూడింటికే తేడా. గురువారం యాభై నిమిషాలు. శుక్రవారం ఇరవై అయిదు. శనివారం యాభై అయిదు.

యాభై. ఇరవై అయిదు. యాభై అయిదు. ఈ మూడు అంకెలూ ఆమెకు నిద్రలో కూడా వినిపిస్తున్నాయి. డేటా రాలేదని ఆ యంత్రం చెప్పిన నిమిషాలు అచ్చంగా ఇవే.

ఆమె తలెత్తి మునిరత్నం వైపు చూసింది. అతను అప్పటికే నేల చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

హెడ్డుగారి ముందు ఆమె ఆ పేరెత్తలేదు. ఎత్తాలనే ఉంది, నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "కంప్యూటరు గడియారం తప్పుగా ఉండింది సార్" అంది. "అందుకే ఆగింది. సరిచేసి ఇప్పుడే మొదలుపెడతాను."

"చూసినావా, రాహుకాలంలో చెయ్యిపెడితే గడియారం కూడా తప్పుతాది" అన్నారాయన. పంచాంగం తియ్యక్కర్లేకపోయింది. "ఇప్పుడు కాదు. నాలుగున్నర నుంచి ఆరుదాకా ఈరోజు రాహుకాలం. ఆరు దాటినాక పెట్టు."

"ఆరుకు పెడితే బుధవారం అయిదున్నరకు డెబ్బై ఒకటిన్నర గంటే అవుతాది సార్."

"అరగంటకు ఎవరు చూస్తారమ్మా?"

"వాళ్ళ సాఫ్ట్‌వేర్ చూస్తాది. అర నిమిషం తక్కువైనా ఫెయిలని రాస్తాది."

"ఒకసారి మాడిపోయిన యంత్రాన్ని నేను నా చేతుల్తో లారీకెక్కించినా కోమలీ. నీకు తెలీదు." ఆయన తలుపు వైపు తిరిగారు. "నువ్వు పెడితే నీ ఇష్టం. నాకు సంబంధం లేదు." కాగితాలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు.

తలుపు మూసుకున్నాక కోమలి మునిరత్నం వైపు తిరిగింది.

"ఎందుకు చేసినావన్నా?"

"మిమ్మల్ని తిట్టకూడదనే గదమ్మా." అతను భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మీరు తెరలోపల ఉండంగా బటను నొక్కేముందు గడియారం రవ్వంత ఎనక్కి పెట్టినా. కాగితంలో మంచి టైము పడతాది, సారు ఊరుకుంటాడని. ఇంటర్నెట్టు వొస్తానే అదే మళ్ళా సరైపోతా ఉండింది. ఇంకేం ఇబ్బందిలే అనుకుంటి."

ఇబ్బంది అదే. గడియారం వెనకబడి ఉన్నప్పుడు డేటా కూడా వెనకటి టైముతోనే నమోదవుతుంది. కాలేజీ ఇంటర్నెట్టు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి, కంప్యూటరు తన గడియారాన్ని యాభై నిమిషాలు ముందుకు దూకిస్తుంది. సాఫ్ట్‌వేర్ వెనక్కి తిరిగి చూసుకుంటే చివరి డేటా యాభై నిమిషాల కిందటిది. డిటెక్టరు చచ్చిపోయిందనుకుని వోల్టేజి దించేస్తుంది. వైర్ల తప్పు లేదు, బాలచంద్ర తప్పు లేదు, రాహువు తప్పు అంతకన్నా లేదు. ఆమె గోళ్ళరిగేదాకా టేపు పీకింది ఉత్త పుణ్యానికి.

"నాకొక మాట చెప్పుంటే ఏం పోయేది? నాలుగు రోజులన్నా! నిద్రపోయినానని మాట పడినాను! నాకు నేనే పిచ్చిదాన్నయిపోయినాననుకున్నాను!"

మునిరత్నం చిన్నపిల్లాడిలా అమాయకంగా చూశాడు. "మీరే గదమ్మా జెప్పింది? గురువారం లోపల్నించి అరిస్తిరి, గడియారం ఎనక్కి తిప్పుకోమని. నాకు గూడా అదే మంచి ఉపాయమనిపించె."

ఇప్పుడు తిట్టాలంటే గదిలో మిగిలిన నేరస్థురాలు కోమలే. పక్కనున్న స్టూలు మీద కూలబడింది. నవ్వాలో తల గోడకేసి కొట్టుకోవాలో తెలియలేదు, రెండింటికీ టైము లేదు కూడా. నాలుగూ ఇరవై అయిదయింది.

గడియారాన్ని చేతి గడియారంతో సరిచూసి, మునిరత్నం చూస్తుండగానే దాన్ని మార్చే వీల్లేకుండా కొత్త పాస్‌వర్డు పెట్టింది. తెరలోకి పోయి వోల్టేజి ఎక్కించడం మొదలుపెట్టింది. నలభై నిమిషాలు. అయిదూ పదికి నాలుగు గొట్టాలూ నిలకడగా ఉన్నాయి.

"పెట్టన్నా!"

బటను చప్పుడు వినిపించలేదు.

"అన్నా!"

"రాహుకాలమమ్మా" అన్నాడు మునిరత్నం బయటినుంచి, సన్నగా. "నా సేత్తో నొక్కమంటారా?"

"నువ్వు నొక్కకపోతే నేనొచ్చి నొక్కేలోగా ఈ గొట్టం దగ్గర ఏమైనా అయితే, అప్పుడు నిజంగానే మన పని అయిపోతాది. నొక్కు!"

ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో, కొంచెం ఆలస్యంగా బటను చప్పుడు వినిపించింది. కోమలి నోటుబుక్కులో రాసుకుంది: ఆదివారం సాయంత్రం 5:12. బయటికొచ్చి కంప్యూటరు తెర చూసింది. అక్కడా 5:12.

ఆరూ ఇరవైకి ఇంటర్నెట్టు వచ్చింది. కోమలి అంకెల మీదనుంచి కళ్ళు తిప్పలేదు. అంకెలు ఆగలేదు. సోమవారం ఆరుసార్లు ఇంటర్నెట్టు పోయింది, ఏడుసార్లు వచ్చింది, అంకెలు ఆగలేదు. పరంధామయ్య గది లోపలికి అడుగుపెట్టలేదు. వరండాలో పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి "ఆగిందా?" అనేవారు. "లేదు సార్" అనేది కోమలి. మంగళవారానికి ఆ ప్రశ్న "ఇంకా ఆగలేదా?" అయింది. ఆయన తన యంత్రం బతకాలని కోరుకుంటున్నారో, తన రాహుకాలం గెలవాలని కోరుకుంటున్నారో ఆ గొంతును బట్టి చెప్పడం కష్టం. బహుశా ఆయనకూ తెలియదు.

బుధవారం అయిదూ పన్నెండు దాటింది. అయిదున్నరకు కమిటీ కూర్చుంది. ఆరు దాటాక మెయిలు వచ్చింది. డిటెక్టరు పాసయింది. రెండేళ్ళ పని వెంటనే మొదలుపెట్టవచ్చు. కోమలి ఆ మెయిలును మూడుసార్లు చదివి, అన్నకు ఫోను చేసి, సూపర్‌వైజరుకు వద్దని చెప్పమంది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడితే ఏడ్చేస్తానని పెట్టేసింది.

పరంధామయ్య మెయిలుతో వచ్చిన రిపోర్టు ప్రింటు తీసుకుని, ఈసారి తలుపు దాటి లోపలికి వచ్చారు. మొహంలో అయోమయం.

"రన్ను మొదలైంది ఆదివారం పగలు పదకొండూ నలభై రెండు అని రాసినారే వీళ్ళు? అప్పుడు నువ్వు టేపేస్తా ఉండావు గదా?"

"అది ఇంగ్లండు టైము సార్. ఏ దేశం డేటా అయినా ఒకే గడియారం ప్రకారం రాస్తారు. మనకు అయిదున్నర గంటలు వెనక. మన సాయంత్రం అయిదూ పన్నెండే అది."

మెల్లగా ఆయన మొహం విప్పారింది. బోర్డు మీద సమీకరణం తేలినప్పుడు పిల్లలకు కనిపించే మొహం అది.

"అదమ్మా సంగతి! యంత్రం లెక్కంతా ఇంగ్లండు టైములో నడస్తా ఉండాది. దానికి పదకొండూ నలభై రెండే. అభిజిత్ ముహూర్తానికి వెంట్రుకవాసి దూరం. రాహుకాలం యాడుంది దాంట్లో? అందుకే నిలబడింది!"

ఆ లెక్కన ఆగిపోయిన మూడు రన్నులూ కూడా రాహుకాలంలో పెట్టినవి కావని కోమలికి తక్షణం తోచింది. గురువారం రెండూ పది అంటే అక్కడ పొద్దున ఎనిమిదీ నలభై. చెప్పడానికి నోరు తెరిచింది. ఎదురుగా ఆ సంతోషం చూసి, ఎంత చెప్పినా ఈయన దగ్గర ఇంకో దేశపు గడియారం సిద్ధంగా ఉంటుందని అర్థమై, అలసిపోయింది. గెలిచిన రోజున ఇంత చిరాకు వేస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"సరే, ఈ రన్ను ఆపెయ్" అన్నారాయన పంచాంగం తీస్తూ. "రెండేళ్ళ రన్నుకు మంచి ముహూర్తం చూస్తా. మన టైముకూ ఇంగ్లండు టైముకూ రెండింటికీ కుదరాల. ఎల్లుండి పొద్దున..."

"ఆపను సార్."

ఆయన వేలు పేజీ మీదే ఆగింది.

"డెబ్బై రెండు గంటలు అయిపోయినాయని దానికి తెలీదు సార్. వాళ్ళకు కావాల్సింది తెగకుండా నడవడం. అది నడస్తానే ఉండాది. ఆపితే కదా మళ్ళీ మొదలుపెట్టాల్సింది. నేను ఆపను." ఆమె గొంతు పెంచలేదు. నాలుగు రోజులు అరిచి అరిచి అరుపు అయిపోయింది.

"అంటే రెండేళ్ళూ కంప్యూటరు తెర పైన ఆదివారం అయిదూ పన్నెండు అనే ఉంటాదా?"

"ఉంటాది సార్."

పరంధామయ్య రిటైరయ్యేది ఇంకో పద్నాలుగు నెలలకు. ఆలోగా ఈ గదిలో ఆయన ముహూర్తం పెట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆయన పంచాంగం మూసి, మూసిన పుస్తకాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు చేతిలోనే పట్టుకున్నారు. తర్వాత కోమలి పక్కన ఖాళీగా ఉన్న స్టూలు లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, కంప్యూటరు ముందు కూర్చుని అంకెలు చూడసాగారు.